నాలుగు వందల పన్నెండో నంబరు

పాటను దుప్పట్ల రికార్డు జేసిన.
షార్జా, పదో నంబరు సనాయా,
ఆరుగురం పండే రూముల
నైట్ డ్యూటీ దిగొచ్చిన ఇద్దరు
గోడ దిక్కు తిరిగి పండుకున్నంక
మోకాళ్ల నడుమ ఫోను వెట్టుకొని
తునికాకు కోసే పిల్ల మీద నేనే కట్టిన పాట
నాకే సరిగ వినవడనంత మెల్లగ పాడిన.
ఏసీ ఆపితే తిడ్తరు,
ఆపకుంటే పాటంత గాలిమోత.
ఆపిన. నాలుగు నిమిషాలు.
చెమట చెవులల్లకు కారింది.

ఇగ పాటకు బొమ్మ గావాలె.
బొమ్మ లేని పాట ఎవడు వింటడన్నడు మొమిన్,
మా లాండ్రీల నా పక్క బల్ల, సిల్హెటోడు.
ఆయన హిందీల అంటడు, నేను తెలుగుల వింట.
మొదటి మూడు సెకన్లల్ల చూసెటోని ఏలు ఆగాలె భాయ్,
ఆగకుంటే పైకి తోసేస్తడు,
ఏలుకు జాలి ఉండదు.

శుక్రవారం బస్సెక్కి మమ్జార్ ఒడ్డుకు వోయినం.
ఒంటి మీద కోటు,
గిరాకిది కాదు, ఒట్టు,
రూముల ఉండే గంగనర్సు పెండ్లి కోటు.
పది దిర్హాముల నల్లద్దాలు.
ఎవలదో తెల్లకారు పక్కన
ఆనకుంట ఆనినట్టు నిలవడ్డ.
సముద్రం దిక్కు రెండు చేతులు చాపి
మెడనరాలు ఉబ్బంగ పెదవులాడించిన.
కారు కుయ్యోమని మొత్తుకున్నది.
ఉరికినం.
ఫోను వేడెక్కి తనంతట తనే సచ్చింది,
నీడల వెట్టి, సల్లనీళ్ల సీసాకు ఆనిచ్చి
మళ్ల పాణం వోసినం.
సెక్యూరిటీ అడిగితే మొమిన్ అన్నడు,
ఇంటికి పంపెటందుకు ఫోటో సార్.

రాత్రి బంకు మీద ఒక్క చెవికి ఒక్కలం
వైరు పంచుకొని చూసినం.
తెర మీద నోరు అరుస్తున్నది,
చెవుల గొంతు గుసగుస పెడుతున్నది.
ఇద్దరు వేరే మనుషులు.
మొమిన్ నవ్వలె.
నిద్రవోయెటోళ్ల నడుమ పుట్టిన పాట గద నీది,
బొమ్మల ఎందుకు లోకాన్నంత లేపుతున్నవన్నడు.

కోటు మడిచి వాపసిచ్చిన.
అన్ని చెరిపేసిన, సముద్రం ఒక్కటి ఉంచిన.
మంచిగనే ఉండె,
కాని నా పాటకు చుట్టం గాదు.

మంగళవారం పదిన్నర దాటినంక
వర్గీస్ చేట తాళాలు మా చేతుల వెట్టి
కరెంటు ఎక్కువ గాల్చొద్దని పోయిండు.
షట్టరు సగం దించినం.
మొమిన్ బటన్ ఒత్తిండు.
నెత్తి మీది పట్టాల మీద
కందూరలు కదిలినయి,
తెల్లగ, పల్సటి కవర్లల్ల, భుజం భుజం రాసుకుంట,
తలకాయల్లేని బారాతు లెక్క.
వాటి నడుమకెల్లి నేను వచ్చిన,
చేతుల ఇస్త్రీపెట్టె,
పెదవులు కదిలీ కదలనట్టు.
ఆవిరి వోయి కెమెరా కన్ను మబ్బు వట్టింది.
బనీను అంచుతోని తుడవవోయి
మొమిన్ ఆగిండు,
ఉండనీ, అన్నడు.
పెట్టె బుస్సుమన్న కాడ్నే దరువు వడ్డది.
మేం వెట్టింది గాదు, అదే వడ్డది.

మూడో చరణంల పట్టా పట్టేసింది.
ముందట వరుసల ఒక కందూర చెయ్యి ఇరికి
మోచేతి కాడ ముడుత.
చీటీ మీద నాలుగు వందల పన్నెండు.
ఒంటిగంటకు నీళ్లు చిలకరించి
మళ్ల మొదటికెల్లి ఇస్త్రీ జేసిన,
పాట పాడుకుంటనే,
ఈసారి కొంచెం గట్టిగ,
ఎవలూ పండుకొని లేరు గనక.

చూసినోళ్లు నూట ఎనభై ఆరు.
అండ్ల మొమినే ముప్పై సార్లు.

బేస్తారం నాడు ఆ షేకు వచ్చిండు.
కవరు ఎత్తి వెలుతురుకు పట్టిండు,
కాలరు చూసిండు, మోచెయ్యి చూసిండు,
నా పాణం గొంతుల కొచ్చింది.
నాలుగు దిర్హాములు బల్ల మీద వెట్టి
భుజాన ఏసుకొని ఎండల నడిచిపోయిండు.
నా పాటల ముందు వరుసల ఆడింది
ఆ అంగి.
వాకిట్ల గాలి తగిలితే
ఒక చెయ్యి కొంచెం లేచింది.